మీ మాక్ డ్రాఫ్ట్ మీరే రాయండి, గ్రేడ్ కోసం యాప్‌ని అడగకండి

2025 ఏప్రిల్ 25, శుక్రవారం. హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఐదున్నర. మామూలుగా ఆ టైమ్‌కి నేను లేచే ప్రసక్తే లేదు. ఆ రోజు మాత్రం అలారం మోగకముందే లేచి, ఫోన్‌ని టీ గ్లాసుకి ఆనించి కూర్చున్నా. అమెరికాలో అప్పటికి గురువారం రాత్రి ఎనిమిది. గ్రీన్ బే అనే ఊళ్ళో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదలవుతోంది.

నాకెందుకు అంత ఆత్రం అంటే, మా క్లయింట్ టీమ్ డాలస్‌లో ఉంటుంది. ఏటా ఏప్రిల్‌లో వాళ్ళు ఒక పోటీ పెట్టుకుంటారు. మొదటి రౌండ్‌లో ఏ జట్టు ఎవర్ని తీసుకుంటుందో 32 పేర్లు ముందే రాసి ఇవ్వాలి. డబ్బులేం ఉండవు. గెలిచినవాళ్ళకి ఒక వారం ఆన్‌కాల్ డ్యూటీ ఉండదు, అంతే. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ అలర్ట్‌కి లేచి కూర్చున్నవాళ్ళకి ఆ బహుమతి విలువేంటో నేను చెప్పక్కర్లేదు.

ఏడు దాటాక 12వ పిక్ వచ్చింది. డాలస్ కౌబాయ్స్ వంతు. నా షీట్‌లో ఆ వరుసలో మాథ్యూ గోల్డెన్ అని ఉంది. టెక్సస్ యూనివర్సిటీ రిసీవర్, 40 గజాలు 4.29 సెకన్లలో పరిగెత్తిన కుర్రాడు. స్టేజ్ మీద చదివిన పేరు వేరు: టైలర్ బుకర్, అలబామా యూనివర్సిటీ, గార్డ్.

తప్పు పోవడం పెద్ద విషయం కాదు. అసలు బాధ వేరే. పది రోజుల ముందు నేను సొంతంగా రాసుకున్న మొదటి లిస్టులో 12వ వరుసలో ఉన్నది బుకర్ పేరే. పక్కన కారణం కూడా రాశా. తర్వాత ఒక సిమ్యులేటర్ యాప్‌లో అదే పిక్ పెట్టి చూస్తే 'సీ' గ్రేడ్ ఇచ్చింది. 'రీచ్' అంది. అంటే, ఆ ఆటగాణ్ని తీసుకోవాల్సిన చోటుకంటే చాలా ముందే తీసేసుకున్నావని అర్థం. గోల్డెన్‌ని పెట్టి చూశా. 'ఏ' వచ్చింది. హ్యాపీగా లిస్టు మార్చేశా.

ఆ ఏడాది పోటీ గెలిచింది డాలస్‌లోని ఒక టెస్టర్. ఆమె లిస్టులో 12 దగ్గర బుకరే ఉన్నాడు. సోమవారం కాల్‌లో ఊరుకోలేక, ముందు నేను కూడా అతన్నే రాశానని చెప్పా. మరి ఎందుకు మార్చావ్ అని అడిగింది. నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: యాప్ చెప్పింది. అది పైకి అనడానికి నాకే సిగ్గేసింది. నెట్ కట్ అయినట్టు నటించి మ్యూట్‌లోకి వెళ్ళిపోయా.

ఈ ఆర్టికల్ ఆ జవాబు గురించే.

డ్రాఫ్ట్ అంటే ఏంటి?

అమెరికన్ ఫుట్‌బాల్ ఫాలో అవని వాళ్ళ కోసం చిన్న పరిచయం. మనకి తెలిసిన ఐపీఎల్ వేలంతో మొదలుపెడదాం. 2024 నవంబర్‌లో జెడ్డాలో జరిగిన వేలంలో రిషబ్ పంత్‌ని లక్నో 27 కోట్లకి కొనుక్కుంది. పర్సులో డబ్బుంటే పాట పాడొచ్చు, అంతే లెక్క.

ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వరుస ఉంటుంది. గత సీజన్‌లో అందరికంటే ఘోరంగా ఆడిన జట్టుకి మొదటి పిక్. సూపర్ బౌల్ గెలిచిన జట్టుకి రౌండ్‌లో చివరి పిక్. 32 జట్లు, 7 రౌండ్లు, మూడు రోజులు. 2025లో మొత్తం 257 పిక్స్. ఆటగాళ్ళలో దాదాపు అందరూ కాలేజీ ఫుట్‌బాల్ నుంచి వచ్చేవాళ్ళే, హైస్కూల్ అయ్యాక కనీసం మూడేళ్ళు గడిచి ఉండాలి. ఏ జట్టుకి ఆడాలో ఎంచుకునే హక్కు వాళ్ళకి లేదు. జీతం కూడా దాదాపుగా పిక్ నంబరే తేల్చేస్తుంది. 2010లో మొదటి పిక్ అయిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 78 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్. 2011లో కొత్త ఒప్పందం వచ్చాక అదే మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి సుమారు 22 మిలియన్లు.

మన భాషలో చెప్పాలంటే ఇదొక వింత క్యాంపస్ ప్లేస్‌మెంట్. అన్నిటికంటే నష్టాల్లో ఉన్న కంపెనీ ముందు వచ్చి టాపర్‌ని ఎగరేసుకుపోతుంది. మీరు కాదనలేరు. ప్యాకేజీ మీ మార్కుల్ని బట్టి కాదు, మీ పేరు ఎన్నోసారి పిలిచారన్న దాన్ని బట్టి.

ఈ పద్ధతి 1936 నుంచి ఉంది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ ఆలోచన ఇది. ఆ ఏడాది చరిత్రలోనే మొదటి పిక్‌గా ఎంపికైన జే బర్వాంగర్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! అంచనాలు తప్పడం ఈ డ్రాఫ్ట్‌తోపాటే పుట్టిందన్నమాట.

డ్రాఫ్ట్ జరగకముందే ఎవరు ఎక్కడికి వెళ్తారో మనమే ఊహించి రాసే లిస్టుని మాక్ డ్రాఫ్ట్ అంటారు. ఒకప్పుడు ఇది టీవీ నిపుణుల పని. ఇప్పుడు ఫోన్‌లో సిమ్యులేటర్లు వచ్చాయి. జట్టుని ఎంచుకుంటే చాలు, మిగతా 31 జట్ల పిక్స్ యాప్ చేస్తుంది, మీ వంతు రాగానే ఆగుతుంది. పది నిమిషాల్లో ఏడు రౌండ్లూ అయిపోతాయి. చివర్లో రంగురంగుల కార్డు మీద మీ గ్రేడ్. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకోవడమే.

ఆ గ్రేడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాబట్టి, ఓడిపోయాక చేసిన మొదటి పని ఆ యాప్‌ని టెస్ట్ చేయడం. ఒక శనివారం కూర్చుని జట్టు అవసరాలు ఏమీ పట్టించుకోకుండా, ప్రతి పిక్‌లోనూ యాప్ లిస్టులో అన్నిటికంటే పైనున్న పేరునే నొక్కుతూ పోయా. ఒకే పొజిషన్‌కి ముగ్గురు వచ్చిపడ్డారు. గ్రేడ్ 'ఏ ప్లస్'. తర్వాత జట్టుకి నిజంగా ఏం కావాలో చదివి, ఆలోచించి పిక్ చేశా. 'బీ మైనస్'.

ఆ యాప్ దగ్గర ఆటగాళ్ళ ర్యాంకుల లిస్టు ఒకటి ఉంటుంది, దాన్ని బిగ్ బోర్డ్ అంటారు. 20వ ర్యాంకు ఉన్నవాణ్ని మీరు 30వ పిక్‌లో తీసుకుంటే భేష్ అంటుంది. 30వ ర్యాంకు ఉన్నవాణ్ని 20వ పిక్‌లో తీసుకుంటే రీచ్ అంటుంది. అంటే ఆ గ్రేడ్ కొలిచేది ఒక్కటే: మీరు ఆ యాప్‌తో ఎంతవరకు ఏకీభవించారు అని.

ఫోన్ కంపెనీ తన బెంచ్‌మార్క్ తనే తయారు చేసుకుని, అందులో తన ఫోన్‌కే పదికి పది వేసుకుంటే మనం ఊరుకుంటామా? ఉతికి ఆరేస్తాం కదా. మెషిన్ లెర్నింగ్ నేర్చుకున్నవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. ట్రైనింగ్ డేటాతోనే టెస్ట్ చేసి 99 శాతం యాక్యురసీ వచ్చిందని చెప్పే ప్రాజెక్టుని వైవాలో ఎవరూ వదిలిపెట్టరు. డ్రాఫ్ట్ గ్రేడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవన్నీ మర్చిపోయి స్టేటస్ పెట్టేసుకుంటాం. నేనూ పెట్టా.

నా స్టేటస్ చూసి మా రూమ్మేట్ ఒక్క మాట అన్నాడు. "మావా, ఇది నీ మాకా, యాప్ మాకా?" అప్పుడు జోక్ అనుకున్నా.

అందరూ ఒకరినొకరు కాపీ కొడితే

ఇక్కడ మీకు ఒక డౌట్ రావచ్చు. చాలామంది నిపుణుల ర్యాంకులు కలిపి సగటు తీస్తే, ఒక్కడి అభిప్రాయం కంటే అదే కరెక్ట్ కదా? నిజమే, ఒప్పుకుంటా. చాలామంది విడివిడిగా వేసిన అంచనాల సగటుని ఓడించడం చాలా కష్టం.

కానీ ఆ సూత్రంలో అసలు కీలకం "విడివిడిగా" అన్న మాటలోనే ఉంది. ఒకరి తప్పు ఒకవైపు, ఇంకొకరి తప్పు ఇంకోవైపు ఉంటేనే సగటులో అవి కొట్టుకుపోతాయి. అందరూ ఒకే లిస్టు చూసి రాస్తే వందమంది అభిప్రాయం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఉన్నది ఒక్కటే, వందసార్లు ఫార్వర్డ్ అయింది. ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే ఆరోగ్య చిట్కాల్లాగా.

గత కొన్నేళ్ళ డ్రాఫ్టులు చూడండి. 2023లో క్వార్టర్‌బ్యాక్ విల్ లెవిస్ మొదటి రౌండ్‌లోనే వెళ్తాడని ఎక్కడ చూసినా రాశారు. మొదటి రోజు రాత్రంతా కెమెరాల ముందు కూర్చున్నాడు, పేరు పిలవలేదు. మర్నాడు 33వ పిక్‌లో టెనసీ టైటన్స్ తీసుకుంది. 2025లో షెడూర్ శాండర్స్‌ది ఇంకా పెద్ద షాక్. మొదటి రౌండ్ అన్న మాక్‌లు కుప్పలుతెప్పలు. చివరికి ఐదో రౌండ్‌లో, 144వ పిక్‌లో, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తీసుకుంది. అదే బ్రౌన్స్ అంతకుముందే 94వ పిక్‌లో డిలన్ గాబ్రియేల్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది కూడా.

అలాగని ఈ తప్పులకి మాక్ రాసినవాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. జట్ల యాజమాన్యాలే కోట్లు ఖర్చుపెట్టి మరీ తప్పులు చేస్తాయి. టామ్ బ్రేడీ 2000లో 199వ పిక్. బ్రాక్ పర్డీ 2022లో 262వ పిక్, అంటే ఆ డ్రాఫ్ట్ మొత్తానికీ చివరివాడు. రెండేళ్ళు తిరక్కుండానే శాన్ ఫ్రాన్సిస్కోని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ కలిసి దీని మీద ఒక ప్రసిద్ధ పరిశోధనే చేశారు. ఒక పొజిషన్‌లో ముందు ఎంపికైనవాడు, ఆ వెంటనే ఎంపికైనవాడికంటే బాగా ఆడే అవకాశం నాణెం ఎగరేసినదానికంటే కొంచెమే ఎక్కువ అని వాళ్ళు తేల్చారు.

అంత గందరగోళం ఉన్న చోట తప్పు చేయడం తప్పేం కాదు. తప్పు మీదే అయితే ఏదో ఒకటి నేర్చుకుంటారు. అరువు తెచ్చుకున్న తప్పు నుంచి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. నాకు 12వ పిక్ దగ్గర జరిగింది ఇదే.

మరి సొంతంగా ఎలా రాయాలి?

నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి చెప్తా. కొత్త యాప్ ఏమీ అక్కర్లేదు, ఫోన్‌లో ఉన్న స్ప్రెడ్‌షీట్ చాలు. 32 వరుసలు, ఐదు కాలమ్స్: జట్టు, అవసరం, ఆటగాడు, కారణం, నమ్మకం.

మొదటిది, ఏం రాస్తున్నారో ముందే తేల్చుకోండి. "ఈ జట్టు ఎవర్ని తీసుకుంటుంది" అన్నది ఒక మాక్. "నేనైతే ఎవర్ని తీసుకుంటా" అన్నది ఇంకో మాక్. రెండూ సరదానే, కానీ ఒకే షీట్‌లో కలిపేస్తే రెండూ చెడతాయి. సిమ్యులేటర్లలో మన జట్టుకి రెండోది ఆడతాం, మిగతా 31 జట్లకి యాప్ మొదటిది ఆడుతుంది. కలగాపులగం అక్కడే మొదలవుతుంది.

రెండోది, ఆటగాళ్ళ పేర్ల కంటే ముందు అవసరం కాలమ్ నింపండి. ఎవరు రిటైరయ్యారు, ఎవరి కాంట్రాక్ట్ అయిపోయింది, మార్చిలో ఫ్రీ ఏజెన్సీలో ఎవర్ని కొన్నారు, కోచ్ మారాడా. ఇదంతా ఓపెన్‌గా దొరికే సమాచారమే. ఒక్కో జట్టుకి పది నిమిషాలు చాలు. రోజుకి మూడు జట్లు వేసుకుంటే పదకొండు రోజుల్లో అయిపోతుంది.

మూడోది, ఆ జట్టుకి పాత అలవాట్లేంటో చూడండి. నా మొదటి లిస్టులో కౌబాయ్స్ పక్కన రాసుకున్న కారణం ఇదే: క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే ఐదుగురిలో ఒకడైన జాక్ మార్టిన్ 2025 సీజన్‌కి ముందే రిటైరయ్యాడు. అతను ఆడింది గార్డ్ పొజిషన్. ఇక మొదటి రౌండ్ పిక్‌ని ఆ గోడ కోసం వాడటం ఈ జట్టుకి కొత్త కాదు. 2011లో టైరన్ స్మిత్, 2013లో ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో ఇదే జాక్ మార్టిన్, 2022లో టైలర్ స్మిత్, 2024లో టైలర్ గయ్‌టన్. గార్డ్ ఖాళీ అయింది, డ్రాఫ్ట్‌లో మంచి గార్డ్ ఉన్నాడు, జట్టుకి అలవాటుంది. మూడు ముక్కల్లో కారణం. యాప్‌లో ఈ మూడింటికీ చోటు లేదు. దానికి తెలిసింది బుకర్ ర్యాంకు 12 కంటే కిందుందని మాత్రమే.

రిసీవర్ కావాలన్న వాదన కూడా తప్పేం కాదు. కౌబాయ్స్‌కి నిజంగానే రిసీవర్ కావాలి. కానీ దానికి ఇంకో దారి ఉందని జట్టుకి తెలుసు. డ్రాఫ్ట్ అయిన రెండు వారాలకే ట్రేడ్ చేసి పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్‌ని తెచ్చుకుంది. గోల్డెన్ 23వ పిక్‌లో గ్రీన్ బేకి వెళ్ళాడు, సొంత ఊరి జనం మధ్య స్టేడియం మోత మోగిపోయింది. అంటే అవసరం ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ అవసరం తీరడానికి డ్రాఫ్ట్ తప్ప వేరే దారి ఉందా అన్నది కూడా చూడాలి. ఇది నాకు ఆ తప్పు నేర్పిన పాఠం.

నాలుగోది, నమ్మకం కాలమ్. ప్రతి పిక్ పక్కన శాతం రాయండి. 2025లో మొదటి పిక్ క్యామ్ వార్డ్, టెనసీ టైటన్స్. దానికి నేను 95 రాశా. 28వ పిక్ దగ్గర 10 రాశా. అక్కడికి వచ్చేసరికి ఎవరు మిగులుతారో ఎవరికి తెలుసు? అన్నిటికీ ఒకేలా ధీమాగా రాసేవాడు దేనికీ ధీమాగా లేనట్టే.

ఐదోది, డ్రాఫ్ట్‌కి ముందురోజు షీట్ లాక్ చేసి ఒక ఫ్రెండ్‌కి పంపేయండి. టైమ్ స్టాంప్ ఉంటుంది కాబట్టి తర్వాత "నేను ముందే అనుకున్నా" అనే ఛాన్స్ ఉండదు. నాకు ఆ ఛాన్స్ ఎంత చేదుగా ఉంటుందో తెలుసు.

ట్రేడ్లు: ఇక్కడ కాస్త లెక్కలు కావాలి

జట్లు పిక్స్‌ని ఒకదానికొకటి మార్చుకుంటాయి. సిమ్యులేటర్లలో ఇదే పెద్ద వినోదం, పెద్ద అబద్ధం కూడా. నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి మొదటి రౌండ్‌లో పైకి వెళ్ళిన సందర్భాలు నాకున్నాయి. నిజంగా అలా ఫోన్ చేస్తే అవతలివాళ్ళు నవ్వి పెట్టేస్తారు.

దీనికి ఒక పాత చార్ట్ ఉంది. 1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్‌లో తయారైంది, అప్పటి కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో పిలుస్తారు. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, రెండోదానికి 2600, ఐదోదానికి 1700, పదోదానికి 1300, 32వ దానికి 590. దీనిమీద విమర్శలు చాలా ఉన్నాయి. పై పిక్స్‌కి మరీ ఎక్కువ విలువ ఇస్తుందని థేలర్ లాంటివాళ్ళ పరిశోధన కూడా చెప్పింది. అయినా ఒక ట్రేడ్ ఎంతవరకు నమ్మదగ్గదో చూసుకోవడానికి పనికొస్తుంది.

ఉదాహరణకి 2025లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ ఐదో పిక్ నుంచి రెండో పిక్‌కి ఎక్కి ట్రావిస్ హంటర్‌ని తీసుకుంది. చార్ట్ ప్రకారం తేడా 900 పాయింట్లు. జాగ్వార్స్ ఇచ్చినవాటిలో 36వ పిక్ విలువ 540. అంటే ఇంకా చాలా లోటు. ఆ లోటు ప్రధానంగా తర్వాతి ఏడాది మొదటి రౌండ్ పిక్‌తో పూడింది, దాంతోపాటు చిన్న పిక్స్ కొన్ని చేతులు మారాయి. హంటర్ రిసీవర్‌గానూ, డిఫెన్స్‌లో కార్నర్‌బ్యాక్‌గానూ రెండు వైపులా ఆడతాడు. మన క్రికెట్ భాషలో అసలైన ఆల్‌రౌండర్. అందుకే అంత ధర.

నా సలహా ఏంటంటే, మొదటిసారి రాసేవాళ్ళు ట్రేడ్లు పెట్టొద్దు. రెండో ఏడాది నుంచి ఒకటో రెండో పెట్టండి, ప్రతిదానికీ చార్ట్ లెక్క పక్కన రాయండి.

మార్కులు డ్రాఫ్ట్ వేస్తుంది

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికల్లా దాదాపు అంతా తేలిపోతుంది. అప్పుడు మార్కులు వేసుకోండి. మీరు రాసినవాడు మొదటి రౌండ్‌లో ఎక్కడ వెళ్ళినా 1. జట్టు కూడా కరెక్టయితే ఇంకో 2. ఆ తర్వాత నమ్మకం కాలమ్ చూడండి. 60 శాతం అని రాసిన పది పిక్స్‌లో ఆరు దాకా నిజమైతే మీ అంచనా బాగున్నట్టు. పదికి రెండే అయితే మీరు అనవసరంగా ధీమా పడుతున్నట్టు. పదికి పది అయితే అనవసరంగా భయపడుతున్నట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫలితం తప్పయినంత మాత్రాన కారణం తప్పు కాదు. 2024లో అట్లాంటా ఫాల్కన్స్ మార్చిలో కర్క్ కజిన్స్‌కి నాలుగేళ్ళకి 180 మిలియన్ డాలర్ల దాకా కాంట్రాక్ట్ ఇచ్చింది. ఇక వీళ్ళకి క్వార్టర్‌బ్యాక్ అక్కర్లేదు అని ఎవరైనా అనుకుంటారు. ఏప్రిల్‌లో 8వ పిక్‌తో మైకేల్ పెనిక్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌నే తీసుకుంది! చూస్తున్నవాళ్ళ నోళ్ళు తెరుచుకుపోయాయి. అదే ఏడాది డిసెంబర్‌లో కజిన్స్‌ని పక్కన పెట్టి పెనిక్స్‌ని దింపింది. మీ షీట్‌లో "కాంట్రాక్ట్ ఇచ్చారు కాబట్టి తీసుకోరు" అని రాసి ఉంటే అది మంచి కారణమే, ఫలితం మాత్రం తప్పింది. ఈ తేడా తెలుసుకోవడానికే కారణం కాలమ్. గ్రేడ్ కార్డులో ఇది ఎప్పటికీ కనిపించదు.

యాప్‌ని డిలీట్ చేయమంటున్నానా?

లేదు. నా ఫోన్‌లో ఇప్పటికీ రెండు సిమ్యులేటర్లున్నాయి. కాలేజీ ఆటగాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు. ఒక పొజిషన్ మీద వరుసగా పిక్స్ పడితే ఏమవుతుందో చూడటానికి కూడా బాగుంటుంది. 2024లో మొదటి 12 పిక్స్‌లో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లే, మొదటి 14 మందీ అటాక్ చేసే వైపు ఆటగాళ్ళే. అలాంటి రోజు మంచి డిఫెన్స్ ఆటగాళ్ళు కిందికి ఎలా జారిపోతారో పది సార్లు సిమ్యులేట్ చేస్తే అర్థమవుతుంది.

నేను అనేది ఒక్కటే: క్రమం మార్చండి. ముందు మీ లిస్టు, తర్వాత యాప్. లిస్టు రాశాక యాప్‌తో పోల్చి చూసి, తేడా వచ్చిన చోట ఆగండి. తేడాకి కారణం మీకు తెలియని వార్త ఏదైనా అయితే, ఉదాహరణకి ఆటగాడికి గాయం, మార్చుకోండి. తేడాకి కారణం ర్యాంకు మాత్రమే అయితే మార్చకండి. చాట్‌బాట్‌ని అడిగి మాక్ రాయించేవాళ్ళకీ ఇదే మాట. అది ఇచ్చే లిస్టు అప్పటికే అందరూ రాసినదాని సారాంశం. పోల్చుకోవడానికి పనికొస్తుంది, మీ పేరుతో పంపడానికి కాదు.

ఇందులో ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. డ్రాఫ్ట్ అయ్యాక నా పాత లిస్టునీ, మార్చిన లిస్టునీ పక్కపక్కన పెట్టి చూశా. జట్టుతో సహా కరెక్టయినవి పాతదాంట్లో ఏడు, మార్చినదాంట్లో ఆరు. అంటే నేనేమీ పెద్ద జ్యోతిష్కుణ్ని కాదు, నా లిస్టు పంపినా ఆ టెస్టర్ చేతిలో ఓడిపోయేవాణ్నే. ఆన్‌కాల్ తప్పేది కాదు. కానీ ఆ సోమవారం కాల్‌లో "ఎందుకు" అని అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉండేది. జాక్ మార్టిన్ గురించి, 2011 నుంచి ఉన్న అలవాటు గురించి రెండు నిమిషాలు మాట్లాడేవాణ్ని. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ ఆట గురించి, హైదరాబాద్‌లో కూర్చున్న నేను వాళ్ళతో సమానంగా మాట్లాడే రెండు నిమిషాలు. అది పోగొట్టుకున్నా.

ఆ తర్వాత కోడ్ రివ్యూల్లో కూడా నాకో అలవాటు వచ్చింది. టూల్ సూచించిన మార్పుని ఒప్పుకునే ముందు, ఎవరైనా ఎందుకని అడిగితే నేనేం చెప్తానో ఒక లైన్ రాసుకుంటా. రాయలేకపోతే నొక్కను.

మీరు కూడా ఈసారి ప్రయత్నించండి. 32 వరుసలు, ఐదు కాలమ్స్. తప్పులు బోలెడు వస్తాయి, రానివ్వండి. శుక్రవారం ఉదయం ఐదున్నరకి అలారం పెట్టుకుని, టీ పెట్టుకుని, మీ షీట్ ముందు కూర్చోండి. ఒక్క పిక్ కరెక్టయినా చాలు, పక్క గదివాళ్ళు లేచేలా అరుస్తారు. ఎందుకంటే అది మీరు రాసింది.